చెక్క ఆరేదాకా ఆగలేని వాడి మాటలు

నా చేతుల మీదుగా వెళ్లిన తుపాకుల్లో ఒక్కటీ పేలలేదు. పేలకుండా చేసినందుకే నాకు జీతమిచ్చారు.

సింగపూర్‌లో మ్యూజియాలకూ నాటకాలకూ షూటింగులకూ పాతకాలపు వస్తువుల నకళ్లు చేసిచ్చే చిన్న వర్క్‌షాపు మాది. ఓడల యార్డులో ఫిట్టర్‌గా ఈ దేశం వచ్చి, రెండేళ్ల తర్వాత అందులో చేరి, ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. లాంతర్లు చేశాను, ఓడ చుక్కానులు చేశాను, లేని రాజులకు సింహాసనాలు చేశాను. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు మనసు పోయేది మాత్రం భర్మారు తుపాకుల మీదికే. మూతిలోంచి మందూ గుండూ కూరి, కడ్డీతో దట్టించి, చెకుముకి రాయి రాల్చే రవ్వతో పేల్చే పాతకాలపు తుపాకి అది. మన అడవి జిల్లాల్లో నాటు తుపాకి అంటారు.

క్లెమెంటిలో మా బ్లాకులోనే పెరిగిన శిరీష ఈ మధ్య ఆ వర్క్‌షాపులో చేరింది. చేరిన వారానికే మా ఇంటికొచ్చింది. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు, ఆ పిల్లకూ అంతే.

"అంకుల్, నాకు ఫస్ట్ రైఫిల్ ఇచ్చారు. వీడియోస్ అన్నీ చూసేశాను. ఇంకా బ్లర్‌గానే ఉంది లా. ఎక్కడ స్టార్ట్ చెయ్యాలి?"

నోటితో చెబితే సగం గొప్పలు దొర్లుతాయి. అందుకని రాస్తున్నాను. తెలుగు చదవడం వాళ్లమ్మ నేర్పింది కాబట్టి ఆ పిల్లకు ఇబ్బంది లేదు.

ముందు గొట్టం

ఈ పనికి చేతిలో ఏదో వరం ఉండాలని చెప్పేవాళ్లను నమ్మకండి. వరం అనేది నేర్పడం చేతకానివాళ్లు కనిపెట్టిన మాట. కావలసింది చూసే కళ్లు, కొలిచే అలవాటు, ఆగే ఓపిక. మొదటి రెండూ నాకు పుష్కలంగా ఉండేవి. మూడోది లేదు.

మొదటి తుపాకికి నగిషీలు వద్దు. ఇత్తడి పువ్వులు, వెండి చంద్రవంకలు వద్దు. సాదా రకం ఎంచుకోండి. గొట్టంతో మొదలుపెట్టండి. ప్రతి కొలతా గొట్టం నుంచే పుడుతుంది. మన గొట్టం లోపలంతా నిండు ఇనుము. మూతి దగ్గర బెత్తెడు మాత్రం తొలిచి, రైఫిల్‌కుండే మెలికల గాడులు కనబడేలా చేస్తాం. నిప్పు లోపలికి పోయే రంధ్రం ఉండాల్సిన చోట పైపైన ఒక గుంట, అంతే. ఈ దేశంలో నకలుకు కూడా పోలీసు అనుమతి కావాలి. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా, ఎంత పెద్ద బాసైనా, వినకండి.

తర్వాత చెక్క. గొట్టానికి కాటుక పూసి చెక్క గాడిలో నొక్కండి. ఆముదం దీపపు మసి నూనెలో కలిపిన, మన ఇళ్లలోని కాటుకే. నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో గీకండి. మళ్లీ పూయండి, మళ్లీ నొక్కండి. నూరుసార్లు. వేలు పెట్టి చూస్తే ఇనుముకూ చెక్కకూ మధ్య సందేమీ తగలకూడదు. కొత్తవాళ్లు బయటి ఆకారం ముందు చెక్కేస్తారు. తుపాకిలా కనబడుతుంది కాబట్టి అది సరదా. లోపలి పని పూర్తయ్యేదాకా బయట ఒక్క రవ్వ కూడా తీయకండి. తీసిన చెక్క తిరిగి రాదు.

నా మొదటి తుపాకిలో దట్టించే కడ్డీ కోసం గొట్టం కింద పొడవాటి బెజ్జం వేశాను. బెజ్జం దారి తప్పి పక్కకు తేలింది. మా గురువు దాన్ని ఎత్తి, కంటికి ఆనించి, పెదవికి ఆనించారు.

"రావ్, నువ్వు తుపాకి చెయ్యలేదు. పిల్లనగ్రోవి చేశావు. వాయించు, విందాం."

వర్క్‌షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వితే కోపం వచ్చేది కాదు.

చెగు

మలయ్‌లో గురువును చెగు అంటారు. ఆయన పేరు హసన్. అందరికీ చెగు. తాతల నాటి నుంచి పడవలు చెక్కిన కుటుంబం. మా ఇద్దరికీ ఉమ్మడి భాష విరిగిన ఇంగ్లీషు, అంతకన్నా విరిగిన మలయ్. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అప్పుడు వర్క్‌షాపు తంజోంగ్ పగార్‌లో, ఓడరేవు గోడ పక్కన ఉండేది. కిటికీలోంచి క్రేన్లు కంటెయినర్లను ఎత్తడం కనబడేది. సముద్రపు గాలి, రంపపు పొట్టు వాసన, చెగు కాచే అల్లం టీ. ఇప్పుడా క్రేన్లు లేవు. రాఫెల్స్ ప్లేస్ వైపు ఏదైనా పని మీద వెళ్తే ఒక స్టేషను ముందే, తంజోంగ్ పగార్‌లో దిగుతాను. దిగి చూడడానికి అక్కడేమీ లేదు. అయినా దిగుతాను.

బొట్టు

నేను చీరాలలో పెరిగాను. మా వీధిలో ఒక చదువుల గది ఉండేది. ఆదివారం సాయంత్రాలు అక్కడ వాదసభలు జరిగేవి. దిష్టి, జాతకం, ముహూర్తం, పూనకం, దేన్నయినా నిలబెట్టి ప్రశ్నించేవాళ్లం. పదహారేళ్లకే నాకు గొంతు ముదిరింది. ఆ గదిలో ఒక నియమం ఉండేది. నలుగురిలో పొరపాటు మాట అన్నవాడు నలుగురిలోనే లేచి దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఈ నియమాన్ని నేను చాలామంది చేత పాటింపజేశాను.

మా వర్క్‌షాపులో మల్లేశం అని జగిత్యాల కుర్రవాడు వెల్డింగు చేసేవాడు. దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేసి, పూర్తయిన తుపాకి లాక్‌కు కూడా తడి పసుపు, కుంకుమ బొట్లు పెట్టాడు. లాక్ అంటే చెకుముకి రాయిని పట్టుకుని కొట్టే యంత్రం. సెలవులయ్యాక వచ్చి చూస్తే బొట్ల కింద తుప్పు.

"ఇదేంటి మల్లేశం?"

"బొట్టన్నా. గింత బొట్టు వెడితే నీ సొమ్మేం పోయింది?"

"తుడిచి చూడు."

తుడిచి చూశాడు. తల గోక్కున్నాడు. "గీ ఇనుముకు అమ్మవారు పడదేమో అన్నా."

అరగంట ఉపన్యాసమిచ్చాను. నీళ్లకూ ఇనుముకూ ఉన్న సంబంధం, భక్తికీ తుప్పుకూ లేని సంబంధం. మా యజమాని మిసెస్ లిమ్ కూడా విని, ఇనుము మీద తడి చెయ్యి పెట్టకూడదని గోడకు కాగితం అంటించింది. నేను చెప్పింది నిజమే. కాని ఆ గెలుపు తలకెక్కింది. నోరు మరో మనిషి కోసం వెతకడం మొదలుపెట్టింది.

శుక్రవారం

ఆ తర్వాత ఒక మ్యూజియం ప్రదర్శనకు పొడవాటి రైఫిల్ కావాలని పని వచ్చింది. ఐదు నెలల గడువు. చెగు అక్రోటు పలక ఒకటి తెప్పించి, నిలువునా రెండు చేశారు. ఒకటి వర్క్‌షాపు అటక మీద పెట్టారు. రెండోది ఎక్కడ పెట్టారో నేను అడగలేదు.

ప్రతి శుక్రవారం మసీదుకు వెళ్లేటప్పుడు అటక మీది చెక్కను దించి, ఉతికిన లుంగీలో చుట్టి, భుజాన వేసుకుని వెళ్లేవారు. గంటన్నరకు వచ్చి మళ్లీ అటక మీద పెట్టేవారు. "ఇంకా కాలేదు" అనేవారు. రెండు నెలలు ఇదే వరస. అందరికీ ఒకటే అర్థమైంది: చెక్క మీద మంత్రం చదివిస్తున్నారు. అందరూ ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు.

భోజనాల దగ్గర, అందరూ ఉండగా అడిగాను.

"చెగు, దేవుడు ఇంకా సంతకం పెట్టలేదా?"

మల్లేశం కిసుక్కుమన్నాడు. చెగు అన్నం తింటూనే, "పెట్టాల్సింది చెక్క. అదే ఇంకా పెట్టలేదు" అన్నారు.

"ప్రతి వారం ఆ చెక్క అక్కడ ఏం వింటోంది?"

"నాతో ఒకసారి రా. చూద్దువుగాని."

"మసీదుకు నేనెందుకొస్తాను? నేను గుడికే పోను."

ఆయన పళ్లెం కడగడానికి లేచారు. నేను తిన్నగా మిసెస్ లిమ్ దగ్గరికి వెళ్లాను. చెక్క ఆరడం కోసం కాదు, ఆశీర్వాదం కోసం ఆగిందని చెప్పాను.

"రావ్, నువ్వు చెయ్యగలవా, లేదా?"

"చెయ్యగలను."

"అయితే చెయ్యి."

చెగు తన ఉలులన్నీ గుడ్డలో వరసగా పేర్చి చుట్టుకున్నారు. "చెక్క నీది, రావ్" అన్నారు. సోమవారం పనికి రాలేదు. తర్వాతి సోమవారమూ రాలేదు.

ఇక్కడ ఆగి కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. ప్రశ్నించడం మానకండి. పెద్దవాళ్లయినా, గురువులైనా ప్రశ్నించండి. కాని ప్రశ్న అడిగాక జవాబు ఉన్నచోటికి నడిచి వెళ్లండి. ఆయన రమ్మన్నారు. నడక పది నిమిషాలు. సాక్ష్యం చూపిస్తానంటే, అది ఉన్న వీధి నచ్చక పోనివాడు హేతువాది కాదు. ఆ రోజు ఆ గదిలో మూఢనమ్మకం ఎవరికైనా ఉందంటే అది నాకే.

పగులు

పని బ్రహ్మాండంగా చేశాను. ఈ మాట సిగ్గు లేకుండా చెబుతాను. లాక్ చెక్కలో చల్లగా కూర్చుంది. తుపాకికి మణికట్టు లాంటి సన్నని చోటు లాక్ వెనక ఉంటుంది. పట్టుకునేది అక్కడే, విరిగేదీ అక్కడే. చెక్క నార ఆ వంపు వెంటే సాగేలా చూసుకున్నాను. ప్రదర్శనకు ఏడు వారాల ముందే మ్యూజియం వాళ్లు తేమ లేని చల్లటి గదిలో పెట్టి చూశారు. పదో రోజు కబురొచ్చింది.

మిసెస్ లిమ్ తుపాకిని బల్ల మీద పెట్టింది. లాక్ తోక దగ్గర మొదలైన పగులు మణికట్టు దాటి వెనక్కి పాకింది. గోరు దూరుతోంది.

"చెయ్యగలవా అని అడిగాను," అంది ఆవిడ. "ఆరిందా అని అడగాల్సింది. తప్పు నాది కూడా."

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది.

ఇంకో చెక్క తెప్పించి ఆరబెట్టేంత వ్యవధి లేదు. ఆ రైఫిల్ లేకపోతే ప్రదర్శనలో ఒక అద్దాల పెట్టె ఖాళీ. నాకు ఖాళీగా కనబడింది మాత్రం చెగు స్టూలు. నెల రోజులుగా ఆ స్టూలును ఎవరూ పక్కకు జరపలేదు.

మల్లేశం బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. "అన్నా, నీ నోరు పెద్దది. పోయి ముసలాయన కాళ్లు వట్టుకో."

"కాళ్లు పట్టుకోను. తప్పు ఒప్పుకుంటా."

"రెండిట్ల ఏది జెల్ది అయితదో అది చెయ్యే."

శుక్రవారం మసీదు గేటు దగ్గర నిలబడ్డాను. నమాజు ముగిసింది, జనం వెళ్లిపోయారు, ఆయన కనబడలేదు. పక్కనే మసాలా దినుసుల కొట్టు. కొట్టాయన చాలాసేపు నన్ను చూసి, తమిళంలో ఎవరి కోసమని అడిగాడు. హసన్ చెగు కోసమన్నాను.

"ఆ చెక్కాయనా? నెలగా రావడం లేదు. ఆయన రెండో చెక్క ఇక్కడే ఉంది." పైకి చూపించాడు. మిరపకాయల బస్తాల మీద, అక్రోటు పలక రెండో సగం. దాని కింద, కొట్టు మధ్యలో, త్రాసు.

"శుక్రవారం శుక్రవారం రెండూ తూచేవాళ్లం," అన్నాడు. "ఈ చుట్టుపక్కల ఇంత నిక్కచ్చి త్రాసు లేదు. వారం వారం కొంచెం కొంచెం తగ్గేది. మూడు వారాలు వరసగా తగ్గకపోతే లోపలి తేమ పోయినట్టు. అది తెలిసే దాకా ఉలి పెట్టనన్నాడు." అని, నన్ను మళ్లీ చూశాడు. "మీరేనా ఆ తెలుగాయన? మంత్రం అన్నది?"

అవునన్నాను.

త్రాసు! నా మతానికి గుడి అంటూ ఉంటే అందులో ఉండాల్సింది అదే. దాని ముందుకు రమ్మని పిలిస్తే నేను రానన్నాను.

టీ చల్లారకముందే

చెగు ఇల్లు కూడా క్లెమెంటిలోనే. ఆదివారం పొద్దున, తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో నలుగురు ముసలివాళ్లతో కూర్చుని ఉన్నారు. ఖాళీ కుర్చీ మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశారు, అంటే చోటు ఆపుకున్నారు. కూర్చోవడానికి చోటు లేదు. కూర్చోవడానికి రాలేదు కూడా.

నిలబడే చెప్పాను. మా చదువుల గదిలో చెప్పినట్టే, అందరికీ వినబడేలా. "ఈయన చెక్కను తూకం వేయిస్తుంటే మంత్రం వేయిస్తున్నారని నలుగురిలో అన్నాను. చూడకుండా అన్నాను. అది తప్పు. చెక్క పగిలింది. తప్పు చెక్కది కాదు, ఈయనది కాదు, నాది."

నూడుల్స్ కొట్టు ఆవిడ గరిటె ఆపింది.

"ఇంత గొంతు ఎందుకు లా," అన్నారు చెగు. "ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారు." ఆ టిష్యూ ప్యాకెట్ తీసి జేబులో పెట్టుకున్నారు. చోప్ చేసింది ఆయనే. "కూర్చో. టీ చెప్పు."

టీ వచ్చింది. సగం తాగాక అడిగారు.

"త్రాసు చూశావా?"

"చూశాను."

"దువా చూశావా?"

"అదీ ఉందా?"

"మసీదు దాకా పోయి ప్రార్థన చెయ్యకుండా ఎవరొస్తారు? చెక్క కోసం కూడా చేసేవాణ్ణి. రెండూ చేసేవాణ్ణి." ముసలివాళ్లంతా నవ్వారు. నా నాలుక చివర వాదం సిద్ధంగా ఉంది. పంచదార లేని టీ మింగినట్టు మింగాను.

సోమవారం ఆయన వచ్చారు. ఉలుల గుడ్డ విప్పారు. ఆయన రాకపోయినా కొట్టాయన రెండో చెక్కను తూస్తూనే ఉన్నాడట, తూకం మూడు వారాలుగా మారలేదని చెప్పాడు. ఇక మిగిలింది నాలుగున్నర వారాలు. ఆయన ఉలి, నా కాటుక. నేను పూస్తాను, ఆయన నొక్కుతారు, నేను ఎత్తుతాను, ఆయన గీకుతారు. మాట్లాడుకున్నది తక్కువ. నా జీవితంలో మళ్లీ బతకమని ఏవైనా రోజులు తిరిగి ఇస్తామంటే, పెళ్లిరోజు కూడా అడగను, ఆ నాలుగున్నర వారాలు అడుగుతాను. మా ఆవిడ ఇది చదువుతుంది. ఆవిడకు తెలుసు.

రైఫిల్ వేళకు చేరింది. ఆ చల్లటి గదిలో ఇప్పటికీ పగలకుండా ఉంది.

రెండు చెక్కలు

ఆ తర్వాత పదకొండేళ్లు పక్కపక్కన పనిచేశాం. రోజూ వాదించుకున్నాం. చెక్కను కాపాడింది తూకమే, దువా కాదని నేను. నీకెలా తెలుసని ఆయన.

చివరికి పరీక్ష పెడదామన్నాను. ఒకే పలకలోంచి రెండు చెక్కలు. రెండూ తూయాలి. ఒకదానికి మాత్రమే దువా చెయ్యాలి. దేనికి చేసిందీ ఆరేదాకా నాకు చెప్పకూడదు.

ఆయన ఉలి కింద పెట్టారు. "చెయ్యని చెక్కకు నేనేం సమాధానం చెప్పను?"

"శాస్త్రం కోసం చెగు."

"సరే లా. శాస్త్రం కోసం."

చెక్కలు ఆరుతుండగానే ఆయనకు గుండెపోటు వచ్చింది. ఖననానికి నేనూ మల్లేశమూ వెళ్లాం. మసీదు లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. ఆయన పిలిచినప్పుడు వెళ్లి ఉంటే అది రెండోసారి అయ్యేది.

తర్వాత ఓడరేవు పక్కనుంచి వర్క్‌షాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ రెండు చెక్కలనూ కొత్త చోటికి నా చేతులతోనే మోశాను. ఏళ్లుగా అటక మీదే ఉన్నాయి. దేనికీ పగులు లేదు. వాదం ప్రకారం నేను గెలిచినట్టే. దేనికి దువా చేశారో చెప్పే మనిషి లేరు కాబట్టి పరీక్ష పూర్తి కానట్టే. ఆయన రెండింటికీ చేసే ఉంటారని నా అనుమానం. మోసం చేశావని ఆయన మీద అరవాలని ఉంటుంది. ఆయన టీ కప్పులోకి చూస్తూ నవ్వడం చూడాలని ఉంటుంది. నాకు వాదించే మనుషులు లేక కాదు. ఇక్కడి తెలుగువాళ్లలో వాదానికి కరువేముంది! నేను చెప్పింది విని, పూర్తిగా విని, ఒప్పుకోకుండా నాకు టీ పోసే మనిషి ఒక్కడే ఉండేవాడు.

పోయిన వారం శిరీష పిలిస్తే వెళ్లాను. రెండు చెక్కలనూ దించి తూచింది. ఎలక్ట్రానిక్ త్రాసు, ఇప్పుడు వర్క్‌షాపులోనే ఉంది.

"అంకుల్, రెండూ ఆల్మోస్ట్ సేమ్ లా. నా ఫస్ట్ రైఫిల్‌కి ఏది తీసుకోను?"

"మణికట్టు చోట నార చూడు. ఏది బాగుంటే అది."

వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఎడమ చేతి వైపుది తీసుకుంది. సరిగ్గానే ఎంచింది. రెండోదాన్ని మళ్లీ అటక మీద పెట్టబోతుంటే ఆపాను. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని, నా కోసం ఉంచమని చెప్పాను.

ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర హేతువేమీ లేదు.